పరాయి కంప్యూటర్ మీద మీ ప్రయోగాలు ఆపండి

మేడ్చల్‌లో, శామీర్‌పేటలో మనుషులు కంప్యూటర్ ఎందుకు కొంటున్నారో ముందు చూడండి. దాని మీద ఏ లినక్స్ వేయాలో ఆ తర్వాత మాట్లాడదాం.

అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్ ఉంది. ఆ దారిలో జిరాక్స్ షాపు పెట్టుకున్నవాళ్లకు పొద్దున్నుంచి రాత్రి దాకా అవే పనులు. భూభారతిలో స్లాటు, కులం సర్టిఫికెట్ దరఖాస్తు, ఈ-పాస్ స్కాలర్‌షిప్ ఫారం, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, హాల్ టికెట్ ప్రింటు. 2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో ధరణి అనే భూరికార్డుల పోర్టల్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ చుట్టుపక్కల రైతుకు తన భూమి లెక్క కూడా కంప్యూటర్ తెర మీదే కనిపిస్తోంది. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా ఆ సంగతి మారలేదు. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ కంపెనీలకు బయోడేటా పంపే బీఎస్సీ అమ్మాయి ఉంది. కండ్లకోయలో బీటెక్‌లో చేరిన కొడుకు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చిన తండ్రి ఉన్నాడు. దాణా లెక్కలు, గుడ్ల లెక్కలు రాసుకునే కోళ్లఫారం గుమాస్తా ఉన్నాడు.

వీళ్లలో ఎవరికీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద మోజు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. పొద్దున షట్టర్ ఎత్తి బటన్ నొక్కితే నిన్న ఉన్నది ఉన్నట్టు రావాలి. వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు రాత్రి ప్రింటర్ నుంచి కాగితం రావాలి. ఈ రెండూ జరిగితే అది మంచి డిస్ట్రో, అంటే మంచి లినక్స్ రకం. జరగకపోతే, దానికి ప్రపంచంలో ఎంతమంది భక్తులున్నా, ఇక్కడ అది పనికిరాని సరుకు.

నా కోపం విండోస్ అమ్మేవాళ్ల మీద కాదు. వాళ్ల వ్యాపారం వాళ్లు చేసుకుంటున్నారు. లినక్స్ ప్రేమికులమని చెప్పుకుంటూ, అడగనివాడికి కూడా ఆర్చ్ లినక్స్ గొప్పదనం వినిపించే మన కుర్రాళ్ల మీద నా కోపం. మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయో అందరికీ తెలుసు. ప్రతి కాలేజీలో లినక్స్ తెలిసిన పిల్లలు కొందరుంటారు. బంధువుల షాపులో, బాబాయి ఇంట్లో, ట్యూషన్ సెంటర్లో పాత కంప్యూటర్ కనబడితే చాలు, లినక్స్ వేసిస్తామంటారు. ఆ మాట వింటే నాకు సంతోషమే. ఆ తర్వాత వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఏం తెస్తున్నారో చూస్తేనే రక్తం మరుగుతుంది. ఆ వారం యూట్యూబ్‌లో ఎవరో ఆకాశానికెత్తిన డిస్ట్రో. రోజూ మారే రోలింగ్ డిస్ట్రో. ఇద్దరు ముగ్గురు కలిసి నిరుడు మొదలుపెట్టిన డిస్ట్రో. తెర వెనక నక్షత్రాలు తిరిగే డెస్క్‌టాప్. ఫొటో తీసి స్నేహితులకు పంపడానికి బాగుంటుంది.

శామీర్‌పేట దగ్గరి ఒక ఊళ్లో జిరాక్స్ షాపు నడుపుకునే ఒకావిడకు ఇలాగే జరిగింది. మేనల్లుడి స్నేహితుడు రోలింగ్ డిస్ట్రో ఒకటి వేసి వెళ్లాడు. కొంతకాలం బాగానే నడిచింది. స్కాలర్‌షిప్ ఫారాలకు గడువు ముగిసే వారంలో అప్‌డేట్ నొక్కింది, తెర నల్లబడింది. అబ్బాయికి ఫోన్ చేస్తే సెమిస్టర్ పరీక్షల్లో ఉన్నాడు. "వికీలో ఉంటది అక్కా, చదువుకో" అన్నాడు. బయట పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆమె పక్క వీధి కుర్రాడికి డబ్బిచ్చి క్రాక్ చేసిన విండోస్ వేయించుకుంది. ఇప్పుడు లినక్స్ మాటెత్తితే ఒకటే అంటుంది: "మీకో దండం తమ్మీ, మీ లినక్స్‌కో దండం."

ఆమెను ఎవరు తప్పు పడతారు? ఆమె దృష్టిలో లినక్స్ అంటే గడువు రోజున చేయిచ్చేది. ఆ అభిప్రాయం కలిగించింది మైక్రోసాఫ్ట్ ప్రచారం కాదు, మనవాడే. ఒక షాపులో పోయిన పరువు ఆ వీధి మొత్తానికి తెలుస్తుంది. ఆ వీధిలోకి లినక్స్ మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

ఇది ఎప్పుడు జరుగుతోందో కూడా గమనించండి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకున్న ఇళ్లకు కూడా 2026 అక్టోబర్ 13 దాకానే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆపైది ఉండాలి. సీటీసీలో సామాన్యుడు కొనే కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఆరో తరం, ఏడో తరంవి ఎన్ని లేవు! కీబోర్డు బాగుంటుంది, బాడీ గట్టిగా ఉంటుంది, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే చకచకా నడుస్తుంది. అలాంటి యంత్రాన్ని చెత్త కింద లెక్కకట్టారు. విండోస్ 10 ముగింపుతో ప్రపంచంలో 24 కోట్ల కంప్యూటర్లు ఇలా పక్కకు పోవచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే అంచనా వేసింది. మన దగ్గర అవి పక్కకు పోవు. క్రాక్ చేసిన విండోస్‌తో, అప్‌డేట్లు ఆపేసిన విండోస్‌తో నడుస్తూనే ఉంటాయి. దాని మీదే బ్యాంకు లాగిన్లు, దాని మీదే ఊరివాళ్ల ఆధార్ కాపీలు.

లినక్స్‌కు సామాన్యుడి ఇంట్లోకి పోవడానికి ఇంత పెద్ద తలుపు ఇంతకుముందెప్పుడూ తెరుచుకోలేదు. ఆ తలుపులోంచి మనం లోపలికి పంపుతున్నది రేపు ఉంటుందో ఉండదో తెలియని సిస్టమ్‌నా?

స్థిరమైన డిస్ట్రో అంటే ఏమిటో తెలియకుండా దాన్ని పాతదని వెక్కిరించేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి చెప్పాలి. డెబియన్‌ను తీసుకోండి. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ ప్రకటించిన ప్రాజెక్టు. కొత్త సాఫ్ట్‌వేర్ ముందు అన్‌స్టేబుల్ అనే అరలోకి వస్తుంది. పెద్ద లోపాలేవీ బయటపడకపోతే కొన్ని రోజులకు టెస్టింగ్ అరలోకి దిగుతుంది. విడుదల దగ్గర పడ్డాక ఫ్రీజ్ ప్రకటిస్తారు. అప్పటి నుంచి కొత్త వెర్షన్లకు దారి మూసుకుంటూ వస్తారు, లోపాలు సరిచేయడమే పని. డెబియన్ 13కు ఆ ఫ్రీజ్ 2025 మార్చిలో మొదలైతే విడుదల ఆగస్టు 9న జరిగింది. నెలల తరబడి వేలమంది కూర్చుని చేసిన పని అది. విడుదలయ్యాక ఏ ప్రోగ్రాం వెర్షనూ ఇష్టారాజ్యంగా మారదు. భద్రతా లోపం బయటపడితే ఆ మరమ్మతు వరకు తెచ్చి, ఉన్న వెర్షన్‌కే అతికిస్తారు. మెనూలు ఉన్నచోటే ఉంటాయి. ప్రింటర్ సెట్టింగు ఉన్నట్టే ఉంటుంది. తాళం మాత్రం కొత్తది పడుతుంది. జిరాక్స్ షాపుకు కావలసింది అక్షరాలా ఇదే.

శామీర్‌పేట చెరువు కట్ట ఇన్ని తరాలుగా నిలిచింది రోజూ తవ్వి కొత్త మట్టి పోసినందుకు కాదు.

కొత్తదే భద్రమని వాదించేవాళ్లకు 2024 మార్చి 29 గుర్తు చేస్తాను. ఎక్స్‌జెడ్ అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్లను కుదించడం దాని పని. దాదాపు ప్రతి లినక్స్‌లో ఉంటుంది, ఎవరి కంటికీ కనబడదు. దాన్ని ఏళ్లుగా దాదాపు ఒంటరిగా నెట్టుకొస్తున్న మనిషి దగ్గరికి జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయం చేస్తామని వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి నమ్మకం సంపాదించి, విడుదలలు చేసే అధికారం దక్కించుకుని, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి పెట్టారు. అది పారితే లెక్కలేనన్ని సర్వర్లలోకి తాళం లేకుండా ప్రవేశించగలిగేవారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇంజినీరు తన డెబియన్ అన్‌స్టేబుల్ యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. ఊరుకోకుండా తవ్వుకుంటూ పోయి గుట్టు బయటపెట్టాడు. మనిషి శ్రద్ధ అంటే అది.

ఆ రోజుకు ఆ విషపు వెర్షన్లు ఎక్కడెక్కడికి చేరాయి? డెబియన్ అన్‌స్టేబుల్‌కు, టెస్టింగ్‌కు. ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్‌కు. ఆర్చ్‌కు. ఫెడోరా పరీక్షా శాఖలకు. వీటిలో కొన్నింటిలో ఆ దొంగ దారి పనిచేసేది కాదు, ఆ మాట నిజం. చేరడం మాత్రం చేరాయి. డెబియన్ స్టేబుల్‌కు చేరలేదు. అప్పటికి వాడుకలో ఉన్న ఉబుంటు ఎల్‌టీఎస్‌లకు, అంటే దీర్ఘకాల మద్దతున్న విడుదలలకు, వాటి మీద కట్టిన లినక్స్ మింట్‌కు చేరలేదు. ఆ తర్వాతి నెలలో రానున్న ఉబుంటు 24.04 బీటాను వారం వెనక్కి జరిపి, ఆ వెర్షన్లు వచ్చాక తయారైన ప్యాకేజీలన్నీ మళ్లీ తయారుచేసుకున్నారు.

రోలింగ్ భక్తులు ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వేస్తారు. పట్టుబడింది అన్‌స్టేబుల్ వాడే మనిషి వల్లే కదా అంటారు. అవును. అన్‌స్టేబుల్ ఉన్నదే అందుకు. తెలిసి, ఇష్టపడి, చెడితే బాగు చేసుకునే సత్తా ఉండి, దాని మీద కూర్చున్నవాళ్లు ముందు వరసలో దెబ్బ తిని వెనకున్నవాళ్లను కాపాడతారు. వాళ్లంటే నాకు గౌరవం. మీకూ ఆ సత్తా ఉంటే మీ ల్యాప్‌టాప్ మీద ఆర్చ్ వేసుకోండి, టంబుల్‌వీడ్ వేసుకోండి, రాత్రంతా కూర్చుని చెడగొట్టి పొద్దునకు బాగుచేసుకోండి. చదువంటే అదే. కానీ ఆ ముందు వరసలో నిలబడతానని జిరాక్స్ షాపు ఆవిడ మీకు ఎప్పుడు చెప్పింది? ఆమెను అడగకుండా, ఆమెకు తెలియకుండా, ఆమె బతుకుదెరువును మీ పరీక్షా శాలగా మార్చే హక్కు మీకెవరిచ్చారు? అన్యాయం అన్న మాటను నేను తూకం వేసుకునే వాడుతున్నాను. చెడితే నష్టపోయేది ఒకరు, పేరొస్తే పొందేది మరొకరు. దీన్ని సేవ అని ఎవరూ అనకూడదు.

ఆ ముందు వరస దెబ్బ ఎలా ఉంటుందో చూడండి. 2022 ఆగస్టులో ఆర్చ్‌లో గ్రబ్ అప్‌డేట్ ఒకటి వచ్చింది. గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌ను లేపే ప్రోగ్రాం. ఆ అప్‌డేట్ తీసుకున్న చాలామందికి యంత్రం బూట్ కాలేదు. పెన్‌డ్రైవ్‌తో లోపలికి పోయి గ్రబ్‌ను మళ్లీ కూర్చోబెట్టగలిగినవాళ్లకు అది కాసేపు పని. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఆఖరి రోజున మేడ్చల్ షాపులో ఉన్నవాడికి?

ఒకే అప్‌డేట్ అందరి మీదా ఒక్కసారే పడితే ఏమవుతుందో మన శంషాబాద్ విమానాశ్రయమే చూసింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన లోపభూయిష్టమైన ఫైలు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. హైదరాబాద్ నుంచి బయల్దేరిన ప్రయాణికుల చేతికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ తప్పు విండోస్‌ది కాదు, లినక్స్ గొప్పా కాదు. విడతలుగా పరీక్షించకుండా అందరి నెత్తిన ఒకేసారి కుమ్మరించే పద్ధతిది ఆ తప్పు. ఆ పద్ధతికి దగ్గరగా ఉన్న డిస్ట్రోను మీరు తెలియనివాడి కంప్యూటర్‌లో పెడుతున్నారు.

కాబట్టి ఏది వేయాలి? నా తీర్పు దాచుకోను. విండోస్ అలవాటున్న షాపుకు, ఇంటికి లినక్స్ మింట్ 22. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ పునాది మీద కట్టింది, 2029 దాకా మద్దతు ఉంది. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ లేదు. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు దానితోనే వస్తుంది, అప్‌డేట్‌కు ముందున్న స్థితికి వెనక్కి పోవచ్చు. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉంటే అందులోనే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ రకం వేయండి. పక్కన తెలిసినవాళ్లున్న చోట, ఒకసారి వేసి ఏళ్ల తరబడి మరిచిపోవాల్సిన చోట, ట్యూషన్ సెంటర్లో, లైబ్రరీలో, పంచాయతీ ఆఫీసులో డెబియన్ 13. ఉబుంటు 24.04 ఎల్‌టీఎస్ కూడా తప్పు కాదు. కాకపోతే అందులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, పాత హార్డ్ డిస్కు మీద తెరుచుకోవడానికి విసుగు పుట్టిస్తుంది.

ఫెడోరా మంచి ఇంజినీర్ల పని. కానీ ఒక్కో విడుదలకు 13 నెలల మద్దతే. ఎల్‌టీఎస్ కాని ఉబుంటుకు 9 నెలలే. అంటే పిల్లవాడు బీటెక్ మొదటి ఏడాదిలో వేసింది రెండో ఏడాదికి మళ్లీ ఎత్తి కట్టాలి. ఎవరు కడతారు? వేసినవాడు అప్పటికి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంటాడు.

ఇంకో సంగతి. మాట ఎవరిస్తున్నారో చూడండి. సెంటోస్ 8 అనే డిస్ట్రో 2029 దాకా నడుస్తుందని నమ్మకం పెట్టుకున్నవాళ్లకు 2020 డిసెంబర్‌లో రెడ్ హ్యాట్ వైపు నుంచి కబురొచ్చింది, 2021 డిసెంబర్ 31తో సరి అని. ఏడేళ్లకు పైగా మద్దతు ఒక్క ప్రకటనతో ఎగిరిపోయింది. దాని బదులుగా ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి, నిలబడ్డాయి, అది వేరే కథ. డెబియన్‌కు యజమాని లేడు. అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు. 1997 నుంచి రాతపూర్వకంగా ఉన్న సామాజిక ఒప్పందం ఉంది, ఓటుతో ఎన్నుకునే నాయకుడున్నాడు, ప్రపంచమంతా చెదిరి ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. 2023 సెప్టెంబర్‌లో వాళ్ల వార్షిక సభ కొచ్చిలో జరిగింది. డిస్ట్రోను ఎంచుకోవడమంటే రంగులు ఎంచుకోవడం అనుకుంటున్నారు. ఐదేళ్ల తర్వాత కూడా రాత్రి పూట ఎక్కడో ఎవరో మేలుకుని మీ కంప్యూటర్‌కు కన్నం పూడ్చే ఏర్పాటు ఉందా లేదా, అది ఎంచుకోండి.

ఇక్కడే తెలుగు అభిమానులతో నాకో తగాదా ఉంది. మనకంటూ ఒక లినక్స్ ఉండాలన్న కోరిక పాతదే. 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగు నేల మీద ఈ ఉద్యమాన్ని మోసింది, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ పేరుతో విడుదలలు చేసింది, బాలస్వేచ్ఛ అని పిల్లల కోసం ఒకటి తెచ్చింది. కాలేజీ కాలేజీకి తిరిగి వందలమందికి మొదటిసారి లినక్స్ చూపించింది. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో బాస్ లినక్స్ తెచ్చింది, దాని పునాది డెబియనే. ఈ కృషిని నేను తక్కువ చేయను. అయినా చెప్తున్నాను, ఊరికో డిస్ట్రో, ఉద్యమానికో డిస్ట్రో, రాష్ట్రానికో డిస్ట్రో వద్దు. విడుదల రోజున సభ పెట్టడం తేలిక. ఆ తర్వాత ప్రతి వారం భద్రతా మరమ్మతు పంపడం కష్టం, దానికి పూలదండలుండవు. ఆ ఓపిక, ఆ మనుషులు ఉన్నచోటికే మన తెలుగు పని పోవాలి. డెబియన్ ఇన్‌స్టాలర్ తొలి తెరలోనే తెలుగు ఎంచుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు, లోహిత్ తెలుగు, తెలుగువిజయం ఫాంట్లు దాని భాండారంలోనే ఉన్నాయి. ఐబస్ అనే టైపింగ్ పనిముట్టులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డులున్నాయి. ఎవరో మన తెలుగువాళ్లే పేరు కూడా ఆశించకుండా చేసిన పని ఇది. సగంలో ఆగిన అనువాదాలు ఇంకా చాలా ఉన్నాయి. కొత్త లోగో గీసే శక్తి ఉన్నవాళ్లు అక్కడికి పోయి లిబ్రెఆఫీస్‌లో వంద వాక్యాలు తెలుగు చేయండి. అది హైదరాబాద్‌లోనే కాదు, డాలస్‌లో తెలుగు పిల్లవాడి కంప్యూటర్‌కీ చేరుతుంది.

లినక్స్ పనికిరాని చోటు గురించి అబద్ధం చెప్పేవాళ్లు కూడా ఈ నష్టంలో భాగస్తులే. మేడ్చల్‌లో పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు వేసే డీటీపీ షాపులో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద బతుకు నడుస్తోంది. అవి యూనికోడ్ కావు, లినక్స్‌కు రావు. ఇరవయ్యేళ్ల కార్డుల డిజైన్లు అందులోనే ఉన్నాయి. అతని కంప్యూటర్ జోలికి పోకండి. టాలీ విండోస్ కోసం తయారైంది. విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపే వైన్ మీద నడిపించవచ్చని చెప్పి జీఎస్టీ రిటర్ను ముందు రోజు ఒక అకౌంటెంట్‌ను నడిరోడ్డు మీద నిలబెట్టకండి. జిరాక్స్ షాపుల్లో మన కళ్లకు అలవాటైన కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంటుంది. అది మొండి ఘటం. దాని డ్రైవర్ పాతది, లినక్స్‌లో దాన్ని నడిపించడం ఓపిక ఉన్నవాడికే సాధ్యం. హెచ్‌పీ, ఎప్సన్‌వి చాలా వరకు తేలికగా పలుకుతాయి. వేలిముద్ర యంత్రం ఉంటే, డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ ఉంటే, ముందు లైవ్ యూఎస్‌బీలో బూట్ చేసి ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ప్రింటు కాగితం చేతిలోకి వచ్చాకే హార్డ్ డిస్కు మీద చెయ్యి వేయండి. పనికాకపోతే ఆ ముక్క మొహమాటం లేకుండా చెప్పండి. "ఈ మిషన్‌కు వద్దన్నా" అని చెప్పగలిగినవాడే లినక్స్‌కు మేలు చేస్తున్నాడు.

పాత సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు వెనకబడిపోతారన్న వాదన నేను చాలా విన్నాను. బ్రౌజర్ పాతబడదు, డెబియన్‌లో ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ భద్రతా అప్‌డేట్లతో వస్తూనే ఉంటుంది. ఏదో ఒక ప్రోగ్రాం కొత్తది కావాలంటే ఫ్లాట్‌ప్యాక్ ఉంది, కింద పునాదిని కదపకుండా పైన అది ఒక్కటే కొత్తగా పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాపే మరీ కొత్తదైతే, వైఫై పలకకపోతే, డెబియన్ బ్యాక్‌పోర్ట్స్‌లో కొత్త కెర్నల్ దొరుకుతుంది. సీ ప్రోగ్రామింగ్, పైథాన్, జావా నేర్చుకునే పిల్లకు నెల క్రితం కంపైలర్‌కూ ఏడాది క్రితం కంపైలర్‌కూ తేడా ఏముంటుంది? డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. అవి చాలక ఆగిపోయిన చదువు ఏదైనా ఉంటే నాకు చూపించండి.

కేరళను చూడండి. అక్కడి ప్రభుత్వ బడులు ఐటీ ఎట్ స్కూల్ పథకం రోజుల్లోనే లినక్స్‌కు మారాయి, దాని మీదే చదువు చెబుతున్నాయి. ఆ పనిని ఇప్పుడు కైట్ సంస్థ చూస్తోంది. 2019 నాటికే రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. వాళ్లు వరసగా తీసుకున్న పునాదులు ఉబుంటు 14.04, 18.04, 22.04. అన్నీ ఎల్‌టీఎస్‌లే. ఆరు నెలలకోసారి వచ్చే తళుకుల జోలికి పోలేదు. టీచర్లకు ఒకసారి నేర్పారు, పాఠ్యపుస్తకంలో తెర బొమ్మలు అచ్చువేశారు, ఆ బొమ్మలు ఏళ్ల తరబడి నిజంగా తెర మీద ఉన్నాయి. మన జిల్లాలో జీనోమ్ వ్యాలీ ఉంది, బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది, నల్సార్ ఉంది, లెక్కకు మించి ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య ఒక జిల్లా పరిషత్ బడిలో ల్యాబ్‌ను ఐదేళ్లు కదలకుండా నిలబెట్టలేమా? ఒక కాలేజీ ఒక బడిని తీసుకుంటే చాలు. కానీ దానికి ముందు ఆ పిల్లలు ఒక మాట మీద నిలబడాలి: బడిలో వేసేది తమకు నచ్చింది కాదు, బడికి నిలిచేది.

ఇంజినీరింగ్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను అడిగేది ఇదే. మీ యంత్రం మీ ఇష్టం. ఇంకొకరి కంప్యూటర్ తెరిచే ముందు వాళ్ల పనులేమిటో అడిగి రాసుకోండి. వాళ్ల ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ తీయండి. ప్రింటర్ పలికిందని చూశాకే మింటో, డెబియనో వేయండి. భద్రతా అప్‌డేట్లు వాటంతటవే వచ్చేట్టు పెట్టి, తెలుగు కీబోర్డు పెట్టి, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. పరీక్షలున్నా సరే, ఆ ఫోన్ ఎత్తండి.

షాపుల వాళ్లకు, తల్లిదండ్రులకు ఒక మాట. మీ కంప్యూటర్‌కు లినక్స్ వేస్తామని ఎవరొచ్చినా, మీ సొంత మేనల్లుడే వచ్చినా, ముందు ఒక ప్రశ్న వేయండి: "ఇది ఏ సంవత్సరం దాకా నడుస్తది?" డెబియన్ 13 అయితే 2028 ఆగస్టు దాకా పూర్తి మద్దతు, ఆపైన 2030 జూన్ దాకా ఎల్‌టీఎస్ మద్దతు. మింట్ 22 అయితే 2029. ఆ తేదీని కాగితం మీద రాయించి మానిటర్‌కు అంటించుకోండి. తేదీ చెప్పలేనివాడిని కీబోర్డు ముట్టుకోనివ్వకండి.